శిలాస్మృతి - పితృఋణం

దేహం నశ్వరమనీ, ఆత్మ శాశ్వతమనీ విశ్వసించిన సాధకునికి, మృతుని చెంత వస్తువులనుంచే ఆచారం అవిద్యాలక్షణంగా తోచడం సహజం. పోయేటప్పుడు గుడ్డిగవ్వ కూడా వెంటరాదు కదా! అయితే అట్టి నిర్ణయానికి వచ్చేముందు ఆచారం వెనుకనున్న భావాన్ని విచారించడం ధర్మం.

క్రీస్తుపూర్వం 4000, 3000 సంవత్సరాల నడుమ ఈజిప్టు వాసులు సమాధులలో పలుచని శిలాఫలకాలను ఉంచేవారు. 1895 ప్రాంతంలో ఫ్లిండర్స్ పెట్రీ నఖాదాలో జరిపిన తవ్వకాలలో అవి విరివిగా లభించాయి. చేప, తాబేలు, పక్షి, నీటిగుర్రం ఆకృతులలో మలచిన ఆ ఫలకాలపై కంటికి పూసుకొనే ఆకుపచ్చని రాగి ఖనిజాన్ని, నల్లని సీసపు ఖనిజాన్ని నూరేవారు. కొన్నింటిపై ఆ వర్ణశేషాలు నేటికీ ఉన్నాయి. బ్రతికినన్నాళ్లూ కంటికి అంజనమిచ్చిన శిలను ఆప్తులు మృతునికి తోడుగా పంపారు. అందులో కనిపించేది మమకారం.

శిల, జంతువు, మృత్యువు కలిసే ఇట్టి క్రతువు తూర్పు కనుమలలోనూ ఉంది. అరకు లోయలోనూ, దాని పొరుగున ఉన్న కోరాపుట్ పీఠభూమిలోనూ గదబలు నివసిస్తారు. కోరాపుట్ గదబల ‘గోతర్’ అనే పితృక్రతువును ఫ్యూరర్-హైమన్‌డార్ఫ్ 1943లో ప్రకటించిన వ్యాసంలో వివరించాడు. అనేక సంవత్సరాలకొకసారి, నడుమ గతించిన వారందరికీ కలిపి అది జరుగుతుంది. మహిషాన్ని సాక్షాత్తు మృతునిగా భావించి బంధువులు మేపుతారు, దానిని చూచి విలపిస్తారు. తుదకు అది పరగ్రామ బంధువుల వశమై వధింపబడుతుంది. మృతుల పేర రాళ్లు నిలుపుతారు.

దీనిని మూఢాచారమని పరిహసించే మైదానవాసి తన ఇంటి అపరకర్మను స్మరించాలి. పాషాణస్థాపన చేసి, ఆ రాతిలో ప్రేతను ఆవాహన చేసి, పది దినాలు తిలోదకాలు విడవడం తెలుగునాట వైదిక కుటుంబాలలో నేటికీ ఉన్నదే. వృషోత్సర్జనం, వైతరణీ గోదానం శాస్త్రవిహితాలే. అక్కడా శిలయే, ఇక్కడా శిలయే. అక్కడా పశువే, ఇక్కడా పశువే. ఉభయత్రా తీర్చుకొనేది పితృఋణమే.

భేదం లేకపోలేదు. దశాహాంతంలో పాషాణం విసర్జింపబడుతుంది. గదబల శిల నిలిచి ఉంటుంది. మొదటిది వైరాగ్యాన్ని, రెండవది కృతజ్ఞతను బోధిస్తుంది. వృషోత్సర్జనంలో వృషభం విడువబడుతుంది. గోతర్‌లో మహిషం ప్రాణం కోల్పోతుంది. అహింసావ్రతునికి అది బాధాకరమే. ఆ బాధను దాచవలసిన పనిలేదు. కానీ కఠోపనిషత్తులోని నచికేతుని మార్గం స్మరణీయం. ముసలి గోవులు దానంగా తరలిపోతుండగా ఆ బాలుడు యజ్ఞాన్ని అవహేళన చేయలేదు. శ్రద్ధ ఆవహించగా తన తండ్రినే ప్రశ్నించాడు. ఆచారాన్ని సంస్కరించే ప్రశ్న ఆ ఇంటి బిడ్డ నోట పుట్టినప్పుడే ఫలిస్తుంది. దారిన పోయే యాత్రికుని నోట అది నిందగానే మిగులుతుంది.

కనుక ఈ కొండలలో అట్టి రాళ్లు కనబడినప్పుడు వాటిపై ఎక్కి ఛాయాచిత్రాలు తీసుకోవడం తగదు. అవి ఒకరి పితృదేవతల స్థానాలు. ఆత్మ రాతిలో బంధింపబడదని ఎరిగిన జ్ఞాని సైతం వాటి ఎదుట చేతులు జోడించవచ్చు. ఆ నమస్కారం చేరవలసింది అక్కడ ఋణం మరువని మనుష్యహృదయానికే.