రద్దీ రుసుము సరే, ముందు బస్సు రావాలి

హైదరాబాద్ యూనిఫైడ్ మెట్రోపాలిటన్ ట్రాన్స్‌పోర్ట్ అథారిటీ అధ్యక్షులకు, సభ్యులకు,



బెంగళూరు అవుటర్ రింగ్ రోడ్డు మీద ఒక్కరే కూర్చుని వెళ్లే కార్లకు రద్దీ పన్ను వేయాలన్న ఆలోచన 2025లో బయటికి రాగానే అక్కడ వాదోపవాదాలు మొదలయ్యాయి. మాదాపూర్, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడల పరిస్థితి చూస్తే ఆ చర్చ మన దగ్గరా తప్పదు. దాన్ని తప్పించుకోకూడదు కూడా. రద్దీ వేళల్లో ఐటీ కారిడార్‌లోకి వచ్చే కార్లపై రుసుము వేయడం న్యాయమేనని నా నమ్మకం. అయితే దానికి ముందు ఏం చేస్తారు, వచ్చిన డబ్బు ఎటు పోతుంది అన్నవాటి మీదే ఆ న్యాయం నిలబడుతుంది. బస్సు, మెట్రో, రోడ్డు తలో దారిన పోకుండా చూడటానికే మీ సంస్థ పుట్టింది కాబట్టి ఈ లేఖ మీకే రాస్తున్నాను.

నిజానికి ఈ నగరంలో ప్రయాణం మీద అదనపు భారం ఇప్పటికే పడింది, దాన్ని మోస్తున్నది బస్సు ప్రయాణికుడు. 2025 అక్టోబరు 6 నుంచి జంట నగరాల ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ సిటీ బస్సుల్లో మొదటి మూడు స్టేజీలకు 5 రూపాయలు, నాలుగో స్టేజీ నుంచి 10 రూపాయలు టికెట్ పెరిగింది. ఎలక్ట్రిక్ బస్సులకు కావలసిన సదుపాయాల కోసమని ఆర్టీసీ చెప్పింది. మహాలక్ష్మి పథకం కింద ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు ఛార్జీ లేదు కనుక, ఆ భారం ఎక్కువగా మగ ప్రయాణికుల మీదే పడింది. సెక్యూరిటీ గార్డు, హౌస్‌కీపింగ్ పనివాడు, దుకాణంలో గుమాస్తా పోనూ రానూ కలిపి రోజుకు 20 రూపాయల దాకా అదనంగా కడుతున్నారు. ఇంత కట్టినా వాళ్లు వేగంగా వెళ్లడం లేదు. కోఠి నుంచి కొండాపూర్ వెళ్లే 127కె బస్సు మాదాపూర్‌లో ఇరుక్కుంటే, లోపలి యాభై మంది సమయం ముందున్న కార్ల వరుసకు బలవుతుంది. ఆ కార్లలో చాలావాటిలో ఉండేది ఒక్కరే. ఉదయం తొమ్మిది గంటలకు అంత విలువైన చోటును వాడుకున్నందుకు వాళ్లు విడిగా పైసా కట్టనక్కర్లేదు. నగరాన్ని ఇరుకు చేయని వారి దగ్గర వసూలు చేసి, చేస్తున్నవారిని వదిలేయడం ఏ లెక్కన చూసినా తలకిందుల పద్ధతి.

రోడ్లు పెంచితే సరిపోతుంది కదా అనేవారికి ఈ కారిడారే జవాబు. మైండ్‌స్పేస్ అండర్‌పాస్, బయోడైవర్సిటీ కూడలిలో రెండంచెల ఫ్లైఓవర్లు, 2020లో దుర్గం చెరువు తీగల వంతెన, 2022లో శిల్పా లేఅవుట్, 2023 జనవరిలో కొత్తగూడ, 2025 జూన్‌లో పీజేఆర్ ఫ్లైఓవర్. కొద్ది కిలోమీటర్ల పరిధిలో ఇంత కట్టిన తర్వాత కూడా సాయంత్రం అయిందంటే మళ్లీ అదే వరుస. ఫ్లైఓవర్ ఎక్కిన కారు దిగి తర్వాతి సిగ్నల్ దగ్గర ఆగుతోంది. ఇంకొక సంగతి ఎవరూ పెద్దగా పట్టించుకోరు. బస్టాపులన్నీ కిందే ఉంటాయి గనుక, ఆగుతూ పోవలసిన సిటీ బస్సు ఫ్లైఓవర్ ఎక్కలేదు. ప్రజాధనంతో కట్టిన వేగం ప్రధానంగా సొంత వాహనాలకే దక్కింది. అసలు సమస్య అందరూ ఒకే వేళకు రోడ్డెక్కడమని సైబరాబాద్ పోలీసులకూ తెలుసు. 2023 జులై వానల్లో ఐటీ సంస్థలు మూడు విడతల్లో ఉద్యోగులను ఇళ్లకు పంపాలని చెప్పింది వాళ్లే. రుసుము పని కూడా అదే, వాన పడ్డ రోజుకే పరిమితం కాకుండా ఏడాది పొడవునా చేస్తుంది.

ఈ పద్ధతి కొత్తదేమీ కాదు, సింగపూర్ 1975లోనే మొదలుపెట్టింది. కానీ మనం శ్రద్ధగా చదవాల్సింది స్టాక్‌హోమ్ అనుభవం. అక్కడ 2006 జనవరి 3 నుంచి జులై 31 వరకు రుసుమును ప్రయోగంగా అమలు చేశారు. అంతకు కొన్ని నెలల ముందే, 2005 ఆగస్టులోనే, కొత్త బస్సులను, కొత్త రూట్లను రోడ్డు మీదికి తెచ్చారు. బస్సులు పెరిగినప్పుడు కార్లు పెద్దగా తగ్గలేదు, రుసుము మొదలయ్యాక ఆ ప్రాంతపు సరిహద్దు దాటే వాహనాలు దాదాపు 20 శాతం తగ్గాయి. ప్రయోగం ఆపగానే రద్దీ మళ్లీ పెరిగింది. ఫలితాన్ని కళ్లారా చూసిన నగరవాసులు సెప్టెంబరులో జరిగిన ఓటింగ్‌లో రుసుము వైపే మొగ్గారు, 2007 ఆగస్టు నుంచి అది స్థిరపడింది. దీనికి భిన్నంగా ఎడిన్‌బరోలో 2005లో, మాంచెస్టర్‌లో 2008లో అనుభవానికి ముందే జనాన్ని అడిగారు. రెండుచోట్లా సుమారు నలుగురిలో ముగ్గురు వద్దన్నారు. అందుకని ఇక్కడ కూడా ముందు బస్సులు, తర్వాత ఆరు నెలల ప్రయోగం, ఆపైన ప్రజల అభిప్రాయం అన్న వరుసను పాటించాలి.

ఇందులో మొదటి మెట్టు దగ్గరే మన నగరం బలహీనంగా ఉంది. 2019లో 52 రోజుల ఆర్టీసీ సమ్మె ముగిశాక నగరంలో సుమారు వెయ్యి బస్సులు తగ్గించారు. ఇవాళ సిటీ బస్సులు మూడు వేల దరిదాపుల్లో ఉన్నాయి, బెంగళూరులో ఆరు వేలు దాటాయి. మెట్రో నీలి మార్గం రాయదుర్గంతో ఆగిపోయింది, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌కు వెళ్లాలంటే అక్కడ దిగి ఇంకో బండి వెతుక్కోవాలి. ఈ స్థితిలో రేపే రుసుము వేస్తే అది కారు వదిలే దారి చూపకుండా వేసిన జరిమానా అవుతుంది. పీఎం ఈ-డ్రైవ్ పథకంలో హైదరాబాద్‌కు 2,000 ఎలక్ట్రిక్ బస్సులు కేటాయించారు. వాటిలో తగిన వాటాను రాయదుర్గం నుంచి గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ, కోకాపేట వైపు ఐదు నిమిషాలకొకటి చొప్పున తిప్పి, ఒక లేన్ వాటికే వదిలిపెట్టండి. ఆ తర్వాతే కారును అడగండి.

అభ్యంతరాలు చాలానే వస్తాయి, వాటిలో కొన్ని గట్టివే. బండి కొన్నప్పుడే లైఫ్ ట్యాక్స్ కట్టాం, మళ్లీ ఎందుకని అడుగుతారు. లైఫ్ ట్యాక్స్ బండికి కట్టేది, దాన్ని ఎక్కడ, ఏ వేళ నడిపారో దానికి పట్టదు. ఆదివారం మాత్రమే తీసే కారుకూ, రోజూ హైటెక్ సిటీ కూడలిలో నిలబడే కారుకూ పన్ను ఒకటే. వేగం కోసం 158 కిలోమీటర్ల మన అవుటర్ రింగ్ రోడ్డు మీద టోల్ కట్టడం ఈ నగరానికి అలవాటే. పేదల మీద భారమన్న మాటకు జవాబు మినహాయింపుల్లో ఉంది: ద్విచక్ర వాహనాలు, ఆటోలు, అంబులెన్సులు, దివ్యాంగుల వాహనాలను వదిలేయాలి. దీనివల్ల కొందరు కారు దిగి బైకు ఎక్కుతారు, ఆ నష్టం నిజమే. అది మితిమీరకుండా ఉండాలంటే మళ్లీ బస్సే కావాలి. క్యాబ్‌లకు మాత్రం పూర్తి మినహాయింపు వద్దు. లండన్ 2003లో రుసుము మొదలుపెట్టినప్పుడు లోపలికి వచ్చే వాహనాలు దాదాపు 18 శాతం తగ్గాయి. కాలక్రమంలో వేగం మళ్లీ పడిపోవడానికి ఉన్న కారణాల్లో మినహాయింపు పొందిన అద్దె వాహనాలు పెరగడం ఒకటి. 2019లో ఆ మినహాయింపు తీసేశారు. 2025 జనవరిలో మొదలుపెట్టిన న్యూయార్క్ యాప్ క్యాబ్‌లకు ట్రిప్పుకు ఒకటిన్నర డాలర్ చొప్పున ప్రయాణికుడి బిల్లులోనే కలిపింది. డ్రైవర్ జేబు నుంచి పోదు గనుక మనకు ఆ దారి మేలు.

వసూలు సంగతిలో నాకున్న భయం వేరు. ఫాస్టాగ్ ఉంది, కెమెరాలు ఉన్నాయి, సాంకేతికంగా అడ్డంకి పెద్దది కాదు. కానీ 2022 మార్చిలో ఒకసారి, 2023 డిసెంబరులో మరోసారి పెండింగ్ ట్రాఫిక్ చలాన్లకు భారీ రాయితీ ఇచ్చారు, రెండోసారి కార్లకు 60 శాతం, ద్విచక్ర వాహనాలకు 80 శాతం. ఆగితే తగ్గుతుందని జనానికి రెండుసార్లు నేర్పాక, కొత్త రుసుమును ఎందరు వేళకు కడతారు? బకాయిలపై ఎప్పటికీ రాయితీ ఉండదని చట్టంలోనే రాయాలి. పలుకుబడి ఉన్నవారి వాహనాలకు, ప్రభుత్వ వాహనాలకు మినహాయింపు ఇచ్చిన రోజున ఈ పథకం నైతికంగా అక్కడికక్కడే కూలిపోతుంది.

చివరి అభ్యంతరం డబ్బుది, దాన్నే నేను అన్నిటికంటే గౌరవిస్తాను. వసూలైనది ఖజానాలో కలిసిపోతుందన్న అనుమానాన్ని మాటలతో తీర్చలేరు. నికర ఆదాయాన్ని రవాణాకే ఖర్చు చేయాలని లండన్ విషయంలో చట్టమే కట్టడి చేసింది. మనకూ అలాంటి నిబంధన కావాలి: ప్రత్యేక ఖాతా, అందులోంచి బస్సులకు, బస్ లేన్లకు, బస్టాపు దాకా నడవగలిగే ఫుట్‌పాత్‌లకు మాత్రమే ఖర్చు, మూడు నెలలకొకసారి లెక్క. ఆ నమ్మకాన్ని కూడగట్టడానికి రుసుము వచ్చేదాకా ఆగనక్కర్లేదు. 2025 అక్టోబరు 6 నుంచి సిటీ బస్సు ప్రయాణికుల దగ్గర అదనంగా ఎంత వసూలైందో, దానితో ఏ డిపోలో ఎన్ని ఛార్జింగ్ పాయింట్లు పెట్టారో, ఎన్ని కొత్త బస్సులు ఏ రూట్లో నడుస్తున్నాయో ఆర్టీసీ నుంచి తెప్పించి నెల రోజుల్లో ప్రజల ముందు పెట్టండి. కారు యజమానులతో మాట్లాడే ముందు బస్సు ప్రయాణికులకు ఇవ్వాల్సిన లెక్క అది.

ఇట్లు,
హైదరాబాద్ పౌరుడు