గొలుసులో మొదటి లంకె

ఉప్పల్ కూడలి నుంచి తార్నాక వైపు సాగే దారిలో మేము ఏళ్ల తరబడి తిరుగుతున్నాము. హబ్సిగూడలో సీసీఎంబీ, తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఆ దారిలోనే ఉన్నాయి. ఆ ప్రహరీల వెనుక జరిగే పనికీ, మన ఇళ్లలోని మందుల డబ్బాలకూ ఉన్న సంబంధాన్ని మనం అంతగా పట్టించుకోము.

ఇటీవల మా మొహల్లాకు ఆరోగ్య సర్వే చేసేవారు వచ్చారు. ఒక పెద్దమనిషి "మా ఇంట్లో ఎవరికీ షుగర్ లేదు" అని చెప్పి వారిని పంపించివేశారు. నిజానికి ఆయనా, ఆయన భార్యా పదేళ్లుగా మందులు వాడుతున్నారు. "కూతురి సంబంధం మాటల్లో ఉంది మౌలానా, నలుగురికీ తెలిస్తే ఎలా?" అని మాతో అన్నారు. ఆ తండ్రి భయాన్ని మేము తేలికగా తీసుకోము. అయితే ఆ జవాబు వల్ల కలిగే నష్టం ఏమిటో కూడా చెప్పవలసి ఉంది.

1987-90 మధ్య జాతీయ పోషకాహార సంస్థ హైదరాబాద్ సమీపంలోని 29 గ్రామాలలో ఒక అధ్యయనం చేసింది. 15 గ్రామాలలో గర్భిణులకూ, చిన్నపిల్లలకూ అంగన్‌వాడీల ద్వారా అదనపు ఆహారంగా ఉప్మా అందింది. మిగిలిన 14 గ్రామాలకు ఆ పథకం అప్పటికింకా చేరలేదు. ఆనాటి వివరాలు భద్రంగా ఉండబట్టి, 2003-05లో బ్రిటన్ విశ్వవిద్యాలయాల శాస్త్రవేత్తలు ఇక్కడివారితో చేతులు కలిపి, ఆ పిల్లలను కౌమారంలో మళ్లీ పరీక్షించగలిగారు. పాత వివరాలూ, గ్రామస్థుల నమ్మకమూ ఇక్కడివారి వద్ద ఉన్నాయి. రక్తనాళాల బిగువును కొలిచే నైపుణ్యం అక్కడివారు తెచ్చారు. ఏ ఒక్కరి వల్లా అయ్యే పని కాదది.

సంజయ్ కిన్రా ప్రథమ రచయితగా 2008లో వెలువడిన ఆ ఫలితాల పత్రంలో మన నగర శాస్త్రవేత్త గఫూరున్నీసా పేరు కూడా ఉంది. మొత్తం 1165 మందిని పరిశీలించారు. ఆహారం అందిన గ్రామాల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు ఎక్కువ ఎత్తు పెరిగారు. ఇన్సులిన్ మాటను శరీరం లెక్కచేయకపోవడమే మధుమేహానికి ముఖ్యమైన మూలం. ఆ లక్షణం వారిలో తక్కువగా కనిపించింది. రక్తనాళాల బిగువు కూడా తక్కువే. రక్తపోటులో, కొవ్వులలో మాత్రం స్పష్టమైన తేడా లేదు. ఆ సంగతిని కూడా వారు దాచకుండా రాశారు. తదనంతరం ఆ పిల్లల తల్లిదండ్రులనూ, తోబుట్టువులనూ కలుపుకొని అధ్యయనాన్ని విస్తరించారు.

మదరసాలో హదీసు బోధించేటప్పుడు మేము ముందుగా సనదు చూపిస్తాము. ఎవరి నుంచి ఎవరు విన్నారో పేరు పేరునా చెప్పాలి. ఒక్క లంకె బలహీనమైనా ఉల్లేఖనం బలహీనపడుతుంది. వైద్య పరిశోధన సంగతీ ఇంతే. కొలిచినవారు, రాసుకున్నవారు, లెక్కగట్టినవారు, అందరూ నిజాయితీగా ఒకరికొకరు అందించుకోవాలి. ఎవరి శ్రమను వారి పేరనే చెప్పాలి. ఆ గొలుసులో మొదటి లంకె ప్రశ్నకు జవాబు చెప్పే కుటుంబమే. అక్కడ అబద్ధం చేరితే తరువాతివారు ఎంత నిజాయితీపరులైనా ఫలితం తప్పుతుంది. ఆ తప్పుడు లెక్కల ఆధారంగానే రేపు మన బస్తీకి మందులూ, వైద్యులూ కేటాయించవచ్చు.

అలాగని వచ్చినవారందరికీ అన్నీ చెప్పనవసరం లేదు. మీరు ఏ సంస్థ నుంచి వచ్చారు? ఎందుకు అడుగుతున్నారు? మా పేర్లు గోప్యంగా ఉంటాయా? ఫలితాలు మాకు తెలియజేస్తారా? ఇవి అడగడం మన హక్కు. సమ్మతి పత్రాన్ని మనకు వచ్చిన భాషలో చదివించుకోవాలి. ఇష్టం లేకపోతే నిరాకరించవచ్చు, మధ్యలో మానుకోవచ్చు. ఇచ్చిన రక్తం, చెప్పిన మాట పరిశోధకుల వద్ద అమానత్. దాన్ని కాపాడడం వారి విధి. మౌనంగా ఉండడం తప్పు కాదు, అబద్ధం చెప్పడమే తప్పు.

ఆ పెద్దమనిషితో మేము ఇంకొక మాట కూడా అన్నాము. తల్లిదండ్రులిద్దరికీ మధుమేహం ఉంటే సంతానానికి ఆ ముప్పు ఎక్కువ. సర్వేవారికి చెప్పకపోయినా, ముందుగా కూతురికి చెప్పండి. సకాలంలో పరీక్ష చేయించుకోవడానికీ, రేపు తల్లి కాబోయే వేళ జాగ్రత్త పడడానికీ ఆమెకు ఆ సంగతి తెలియాలి. ఆయన చాలాసేపు తల వంచుకుని కూర్చున్నారు. "ఈ రాత్రే చెబుతాను" అని లేచారు.