రోడ్డు ప్రమాదం తలరాత కాదు



2018 సెప్టెంబరు 11న మన కొండగట్టు ఘాట్ రోడ్డుపై ఆర్టీసీ బస్సు లోయలో పడి 60 మందికి పైగా మరణించారు. సామర్థ్యాన్ని మించి ఎక్కిన జనంతో ఆ బస్సు కిక్కిరిసి ఉంది. ఇటువంటి ఘోరాలను ‘తలరాత’ అని సరిపెట్టుకోవడం మనకు అలవాటైపోయింది. వైద్యునిగా నేను దీనిని అంగీకరించను. కలరాను మనం తలరాతకు వదలివేయలేదు, త్రాగునీటిని శుద్ధి చేసుకున్నాము. రోడ్డు మరణాలకూ కారణాలున్నాయి, నివారణ ఉన్నది.

ఆ దిశగా ప్రభుత్వాలను కదిలించడంలో స్వచ్ఛంద సంస్థల పాత్ర పెద్దది. సేవ్‌లైఫ్ ఫౌండేషన్ 2012లో సుప్రీంకోర్టును ఆశ్రయించింది. ఫలితంగా క్షతగాత్రులను ఆదుకొనేవారికి 2016లో న్యాయరక్షణ లభించింది. 2019 సవరణతో అది మోటారు వాహనాల చట్టంలో 134ఎ సెక్షనుగా చేరింది. గ్లోబల్ ఎన్‌క్యాప్ 2014లో మన దేశపు ఐదు కార్లను పరీక్షించగా, పెద్దల రక్షణలో ఒక్కదానికీ ఒక్క నక్షత్రమైనా రాలేదు. ఆ చర్చ ఫలించి, 2023 అక్టోబరు నుండి భారత్ ఎన్‌క్యాప్ అమలులోకి వచ్చింది.

అయితే, కార్లకు నక్షత్రాలు వస్తే బుగ్గారం రైతుకు ఒరిగేదేమిటి? అతడు తిరిగేది మోటారు సైకిలుపై, ఆటోలో, ట్రాక్టరు ట్రాలీలో. కోతల కాలంలో సగం రోడ్డుపై వడ్లు ఆరబోసి, చుట్టూ రాళ్ళు పేరుస్తారు. చీకటిలో ఆ రాళ్ళు కనబడవు. వెనుక దీపం లేని ట్రాలీ కూడా అంతే. రైతును తిట్టి ప్రయోజనం లేదు. ఆరబోసుకొనే కల్లం లేకనే అతడు రోడ్డెక్కుతున్నాడు. కనుక కల్లాల కోసం అడగడం కూడా రోడ్డు భద్రతా ఉద్యమమే!

మన ఊరి యువజన సంఘాలు, మహిళా సంఘాలు ఈ పని చేపట్టాలని నా కోరిక:

1. ప్రతి ట్రాలీకి వెనుక మెరిసే స్టిక్కర్లు అంటించండి.
2. కల్లాలు, ప్రమాదకరమైన మలుపుల వద్ద హెచ్చరిక బోర్డులు కావాలని గ్రామసభలో తీర్మానం చేయించండి.
3. ఐఎస్ఐ హెల్మెట్ ధరించి, గడ్డం క్రింద పట్టీ తప్పక బిగించుకోండి.
4. క్షతగాత్రుడు కనబడితే 108కు ఫోన్ చేయండి. రక్తస్రావమయ్యే చోట శుభ్రమైన గుడ్డతో అదిమి పట్టండి. మెడను కదల్చకండి, నోట్లో నీళ్ళు పోయకండి. పేరు చెప్పమని మిమ్మల్ని ఎవరూ నిర్బంధించరాదు.

మందు కన్న నివారణ మేలు. రోడ్డు విషయంలో ఆ నివారణ నలుగురూ కలిసి అడిగితేనే వస్తుంది.