ఓటునకు అర్హుడు, పోటీకి అనర్హుడు

సువార్తా ప్రచారము సంప్రదాయవాద రాజకీయములకు బలము చేకూర్చునా అని యడిగినచో, అమెరికాను చూపి ఔననువారు పెక్కుమంది. అది నిజమే. 1979లో జెర్రీ ఫాల్వెల్ అను బాప్టిస్టు బోధకుడు 'మోరల్ మెజారిటీ' సంస్థను నెలకొల్పెను. మరుసటి యేట రేగన్ గెలుపునకు అది పాటుపడెను. నాటినుండి అచ్చటి శ్వేతజాతి ఇవాంజెలికల్ క్రైస్తవులు రిపబ్లికన్ పక్షమునకు పెట్టనికోటయై నిలిచిరి. మన దేశమున కథ వేరు. ఇచ్చట సువార్త సంప్రదాయవాదులకు మిత్రముగా గాక శత్రువుగా ఉపకరించినది.

ఛోటానాగపూరు చరిత్రము చూడుడు. జర్మనీ దేశపు గాస్నర్ మిషను బోధకులు 1845లో రాంచీ చేరిరి. తరువాత వచ్చిన జెసూయిట్ లీవెన్స్ ముండాల భూమి వ్యాజ్యములందు తోడ్పడెను. 1908 నాటి ఛోటానాగపూరు కౌలుదారీ చట్టమునకు బిర్సా ముండా తిరుగుబాటే మూలకారణము. దాని రూపకల్పనలో హాఫ్‌మన్ అను జెసూయిట్ చేయి కూడ కలదు. పాదిరీల ఉద్దేశము మతవ్యాప్తియే. అయినను ఆదివాసికి దక్కినది భూమి.

సంప్రదాయవాదులు ఈ చరిత్రనుండి సగము పాఠమే నేర్చిరి. 1952లో జశ్‌పూరున వెలసిన వనవాసి కల్యాణ ఆశ్రమము మిషనరీల సాధనములనే చేపట్టెను: బడి, వసతిగృహము, వైద్యశాల. 1956లో నియోగీ సంఘము మతమార్పిడులపై నివేదిక నిచ్చెను. 1967లో ఒరిస్సాయందు స్వతంత్ర పక్షము నాయకత్వమున నున్న ప్రభుత్వము మతమార్పిడిని కట్టడిచేయు చట్టము తెచ్చి, దానికి 'మతస్వేచ్ఛ' అని పేరు పెట్టెను. భూమి సంగతి మాత్రము మరుగున పడెను.

2017 ఆగస్టు మాసము దీనికి నిదర్శనము. కౌలుదారీ చట్టమును సడలింపబూనిన జార్ఖండ్ ప్రభుత్వము, సర్నావారు, క్రైస్తవులు అను భేదము లేక ఆదివాసులు ఎదిరింపగా, గవర్నరు బిల్లును త్రిప్పిపంపగా, ఆ మాసముననే వెనుదీసెను. ఆ మాసముననే మతస్వేచ్ఛా బిల్లును శాసనసభలో నెగ్గించుకొనెను. కలిసి నిలిచిన జనమును విడదీయుటకు ఇంతకంటె అనువైన సాధనము కలదా?

ప్రలోభముతో మతము మార్చుట నేరము కాదా అందురు. మోసమును శిక్షింపుడు, అభ్యంతరము లేదు. కాని ఈ చట్టము మతమార్పిడి జరిపించువాడు ముందుగా జిల్లా అధికారి అనుమతి పొందవలెనన్నది. మైనరులు, స్త్రీలు, దళితులు, ఆదివాసుల విషయమున శిక్షను మూడేండ్లనుండి నాలుగేండ్లకు పెంచినది. వయసు వచ్చిన స్త్రీని, ఆదివాసిని పసివారితో జతచేయుట రక్షణమా, అవమానమా?

ఇక జుగ్సలాయికి వత్తము. టాటానగర్ రైలుస్టేషను చెంతనున్న యీ పట్టణము పేరనే ఒక శాసనసభ నియోజకవర్గము కలదు. అది షెడ్యూల్డు కులములకు ప్రత్యేకింపబడినది. అచ్చటి దళితుడు బాప్తిస్మము పొందెనా, ఓటు వేయవచ్చును గాని ఆ స్థానమునకు నిలబడరాదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు అట్లున్నది. క్రైస్తవమున కులము లేదు గదా యని సమాధానము చెప్పుదురు. సిక్కు మతమున, బౌద్ధమున మాత్రము కులమున్నదా? సిక్కులకు 1956లో, బౌద్ధులకు 1990లో ఆ తలుపు తెరువబడెను. మతముతో నిమిత్తము లేకుండ ఈ హోదా నీయవలెనని రంగనాథ్ మిశ్రా సంఘము 2007లో సిఫారసు చేసెను. అయినను దళిత క్రైస్తవునికి తలుపు మూసియే యున్నది.

సంఘములవారును తప్పించుకొనలేరు. వేరు శ్మశానములను సహించిన చర్చి కులము లేదని చెప్పుకొనుట చెల్లదు. అమెరికా బోధకులవలె ఓట్లు మూటగట్టి అధికారమునకు అప్పగించుటయు తగదు. వారు చేయవలసిన పని లీవెన్స్ నాడే చూపెను: న్యాయస్థానమున బీదవాని ప్రక్కన నిలుచుట. ప్రభుత్వము చేయవలసినది ఇంకను సులభము: ఆ ఉత్తర్వులోని మతనిబంధనను కొట్టివేయుట.