పాస్‌బుక్కు ఎవరి పేర ఉంది?

"ఫ్లాటు కొన్నాం సరే, సంఘం ఎట్లా నడపాలి అక్కా?" అని చాలామంది అడుగుతున్నారు. మా బ్లాకులో జరిగిందే చెబుతాను.

మాది పన్నెండిళ్లు. మిల్లులో రిటైరైనవాళ్లు కొందరు, ఇంకా షిఫ్టుకు పోయేవాళ్లు కొందరు. ఇంటికి నెలకు 600 రూపాయలు. ఆ డబ్బును సెక్రటరీ అన్న తన సొంత ఖాతాలోనే వేసేవాడు. ఆయన నిజాయితీ మీద ఎవరికీ అనుమానం లేదు. సంఘాన్ని రిజిస్టరు చేద్దామని ఎవరన్నా అంటే, "మనలో మనకు కాగితాలెందుకు" అన్నదాన్ని నేనే.

ఒకరాత్రి ఆయన నిద్రలోనే పోయాడు. పదోరోజు కాకముందే సంపు మోటరు కాలిపోయింది. డబ్బు మాదే, కానీ బ్యాంకు లెక్కలో అది ఆయన వారసులది. ఏడుస్తున్న వదిన దగ్గరికి పోయి వారసుల సర్టిఫికెట్టు సంగతి ఎత్తాల్సి వచ్చింది. కింద సంపు నిండా హొగెనక్కల్ నీళ్లు, మూడో అంతస్తు వాళ్లేమో బిందెలు మోసుకుంటూ మెట్లెక్కారు. "ఆ డబ్బేమైందో" అని ఎవరో గొణిగిన మాట వదిన చెవిన పడింది. నాకు తలకొట్టేసినట్టయింది. తప్పు ఆయనది కాదు, మా బద్ధకానిది.

అందుకే చెబుతున్నా. ఖాతా సంఘం పేరుతోనే ఉండాలి. డబ్బు తియ్యాలంటే ఇద్దరి సంతకాలుండాలి. నెలనెలా జమాఖర్చు నోటీసు బోర్డు మీద పెట్టండి. మీటింగులో అనుకున్నది మినిట్సు పుస్తకంలో రాసి సంతకాలు చెయ్యండి. మోటరు, పెయింటింగు లాంటి పెద్ద ఖర్చులకు కొంత డబ్బు విడిగా దాచండి. మీ దస్తావేజులో యూడీఎస్ అని ఉంటుంది చూడండి. స్థలంలో మీకున్న విడదీయని వాటా అది. మెట్లు, సంపు, మిద్దె కూడా ఏ ఒక్కరివీ కావు.

తమిళనాడులో 1994 నాటి అపార్ట్‌మెంటు చట్టం పోయి 2022 చట్టం వచ్చింది. 2024 నుంచి అమల్లో ఉంది. పాత సంఘాలవాళ్లు కూడా తమ బైలా దానికి సరిపోతుందో లేదో జిల్లా రిజిస్ట్రారు ఆఫీసులో కనుక్కోండి. రెరాలో నమోదైన కొత్త బ్లాకైతే, ఇల్లు చేతికిచ్చిన 5 ఏళ్లలోపు కట్టడంలో లోపం బయటపడితే బిల్డరుకు రాసి ఇవ్వండి. ఆయన 30 రోజుల్లో తన ఖర్చుతోనే బాగుచెయ్యాలి.

మోటరుకు మళ్లీ చందాలేసుకున్నాం. కొన్ని నెలలకు బ్యాంకు పని తీరాక వదిన డబ్బుతోపాటు అన్న రాసిన లెక్కల నోటుబుక్కు కూడా తెచ్చిచ్చింది. కూడి చూస్తే పైసాతో సహా సరిపోయింది. గొణిగినవాళ్లు తలెత్తలేదు, నేనూ ఎత్తలేదు.

ఈ ఆదివారం మీ బ్లాకులో ఒక్క మాట అడగండి: పాస్‌బుక్కు ఎవరి పేర ఉంది? నమ్మకం లేక కాదు, నమ్మకమైన మనిషికి రేపు మాట రాకూడదని.