సేవకు మార్కులు వేసేది ఎవరు?

మా పెద్దమ్మది సోమల మండలంలో ఒక చిన్న పల్లె. ఒక వేసవిలో నేనక్కడ ఉండగా నలుగురు డిగ్రీ విద్యార్థులు చేతిలో అట్టలూ కాగితాలూ పట్టుకొని వచ్చారు. "అవ్వా, మీ ఇంట్లో ఎంతమంది? మరుగుదొడ్డి ఉందా? గ్యాసు ఉందా? ఆవులెన్ని?" అని వరుసగా అడిగారు. పెద్దమ్మ అన్నిటికీ ఓపికగా జవాబు చెప్పి, చివరికి తానొక ప్రశ్న వేసింది.

"పోయినేడు కూడా మీలాంటోళ్ళే వచ్చి రాసుకోని పొయినారు నాయనా. ఆ కాగితాలేమైనాయి?"

పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వారిలో ఒక అమ్మాయి ఉన్నమాట చెప్పింది. "కాలేజీలో ఇచ్చేస్తామవ్వా. మార్కులేస్తారు."

"అట్లనా" అని పెద్దమ్మ లోపలికి వెళ్ళి మజ్జిగ తెచ్చి ఇచ్చింది.

ఆ "అట్లనా" అనే మాట నన్ను నేటికీ వదలలేదు. ఈ నాలుగు మాటలూ అందుకే రాస్తున్నాను.

ముందు కొంత పూర్వకథ. విద్యార్థులు సమాజసేవ చేయాలన్న ఆలోచన మనకు కొత్త కాదు. 1959లో సి.డి. దేశ్‌ముఖ్ అధ్యక్షతన ఏర్పడిన సంఘం కళాశాలలో చేరబోయే వారికి జాతీయసేవ నిర్బంధంగా ఉండాలని సూచించింది. ఖర్చు, అమలులోని కష్టాలు అడ్డువచ్చి ఆ సూచన పక్కకు పోయింది. గాంధీజీ శతజయంతి సంవత్సరమైన 1969లో, సెప్టెంబరు 24న, అప్పటి కేంద్ర విద్యామంత్రి వి.కె.ఆర్.వి. రావు జాతీయ సేవా పథకాన్ని ప్రారంభించారు. 37 విశ్వవిద్యాలయాలు, 40 వేలమంది విద్యార్థులు, అంతా స్వచ్ఛందం. ఏడాదికి 120 గంటల సేవ, దత్తత తీసుకున్న గ్రామంలో వారంరోజుల ప్రత్యేక శిబిరం. "నేను కాదు, నీవు" అన్నది దాని ఆదర్శవాక్యం. దాని చిహ్నం కోణార్క రథచక్రం.

తరువాత అర్ధశతాబ్దానికి, దేశ్‌ముఖ్ సంఘం అడిగినంత కాకపోయినా, మన రాష్ట్రంలో నిర్బంధం రానే వచ్చింది. 2020-21 నుంచి అమలుచేసిన డిగ్రీ పాఠ్యప్రణాళికలో రాష్ట్ర ఉన్నత విద్యామండలి 'కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు'ను తప్పనిసరి చేసింది. మొదటి సంవత్సరం ముగిశాక వేసవిలో 180 గంటలు, 4 క్రెడిట్లు. ఊరిలో సర్వే చేయాలి, ఒక సమస్యను ఎంచుకోవాలి, అవగాహన కార్యక్రమం జరపాలి, లాగ్‌బుక్ రాయాలి, నివేదిక సమర్పించాలి.

దీనిని విమర్శించేవారు సాధారణంగా చెప్పే మాట ఒకటుంది: "నిర్బంధిస్తే అది సేవ ఎట్లా అవుతుంది?" వినడానికి బాగుంటుంది గాని, నాకు ఇది సోమరి విమర్శగా తోస్తుంది. ఎక్కాలు కూడా మనకు నిర్బంధంగానే నేర్పారు. పైగా స్వచ్ఛందంగా సాగిన శిబిరాలు మాత్రం ఏం సాధించాయి? నేను చదువుకొనే రోజుల్లో మేమూ ఒక పల్లెలో శిబిరం వేశాము. ఊరివాళ్ళు రోజూ ఊడ్చుకొనే వీధిని మేము మళ్ళీ ఊడ్చాము. గుడి గోడకు సున్నం కొట్టాము. బ్యానరు కట్టి ఫొటో దిగాము. రాత్రి పాటలు పాడుకొన్నాము. ఏడవనాడు బస్సెక్కాము. ఆ పల్లెకు నేను మళ్ళీ ఒక్కసారైనా వెళ్ళలేదు. మమ్మల్ని ఎవరూ నిర్బంధించలేదు. అయినా మేము చేసింది సేవ కాదు.

కాబట్టి లోపం నిర్బంధంలో లేదు. మరెక్కడుంది? నా మేనల్లుడి కథ వినండి.

వాడు తన ప్రాజెక్టుకు ఊరి చెరువును ఎంచుకొన్నాడు. ఆ చెరువు మొరవ పోయి చాలా ఏళ్ళయింది. వానలు లేకనే అని అందరూ అనుకొంటారు. వీడు ఎండలో నాలుగు రోజులు కాలినడకన తిరిగి, చెరువుకు నీళ్ళు చేర్చే కాలువ ఎక్కడ పూడింది, ఎక్కడ కంపచెట్లు కమ్మాయి, ఎక్కడ పొలంలో కలిసిపోయింది అని పటం గీశాడు. నివేదిక చూసిన అధ్యాపకుడు "ఇదంతా గొడవలతో కూడిన విషయం నాయనా, పరిశుభ్రత మీద రాసుకో" అన్నాడు. ఆయన దుర్మార్గుడు కాదు. ఆయన చేతికింద డజన్లకొద్దీ పిల్లలున్నారు. రేపు ఎవరైనా కాలేజీ మీదికి వస్తే ఆయన వెనుక నిలబడేవారు లేరు. మేనల్లుడు జిరాక్సు అంగడికి వెళ్ళి, పరిశుభ్రత మీద సిద్ధంగా ఉన్న ఒక నివేదికలో పేరూ ఊరూ మార్పించి, అట్ట వేయించి ఇచ్చాడు. మంచి మార్కులే వచ్చాయి. చెరువు పటం మా ఇంట్లో అటక మీద ఉంది.

నాలుగు రోజులు ఎండలో తిరిగిన కుర్రవాడు ఆ వేసవిలో నేర్చుకొన్న పాఠం ఏమిటి? నిజం వెతికితే చిక్కు, నకలుకు మార్కు. పంతొమ్మిదేళ్ళ వయసులో, అదీ సేవ పేరుతో, ఈ పాఠం నేర్పే అధికారం మనకెవరిచ్చారు?

ఇదే సోమల మండలంలో ఆవులపల్లె జలాశయం వివాదం 2023 నాటికి జాతీయ హరిత ట్రిబ్యునల్‌లో తీర్పు దాకా వెళ్ళింది. పర్యావరణ అనుమతుల గురించి న్యాయస్థానంలో వాదించవలసి వచ్చినది రైతులు. ఎవరి పక్షం న్యాయమైనదన్నది ఇక్కడ నా ప్రశ్న కాదు. నీళ్ళు, భూములు ఇంతగా జీవన్మరణ సమస్యలైన చోట, మా గడపకు వచ్చిన ఆ సర్వే కాగితంలో వాటికి ఒక్క గడి లేదు. మరుగుదొడ్డికి మాత్రం మూడు గడులున్నాయి.

మదనపల్లెను తలచుకొంటే నాకు మరొకటి గుర్తుకొస్తుంది. 1915లో అనీబిసెంట్ స్థాపించిన దివ్యజ్ఞాన కళాశాలకు 1919లో రవీంద్రుడు వచ్చి, జనగణమనకు ఆంగ్లానువాదం అక్కడే చేశాడు. ఈ సంగతి మా ప్రాంతంలో పిల్లవాడు కూడా గర్వంగా చెబుతాడు. అదే రవీంద్రుడు మూడేళ్ళకు, 1922లో, గ్రామ పునర్నిర్మాణం కోసం శ్రీనికేతన్‌ను స్థాపించాడన్నది మాత్రం ఎవరికీ పట్టదు. పాటను ఉంచుకొన్నాము, పనిని వదిలేశాము.

"అన్నీ తప్పులే చెబుతున్నావు, దారేదైనా ఉందా?" అంటారు. ఉంది, పెద్ద ఖర్చు కూడా లేదు. ఏ ఊరి మీద నివేదిక రాశారో ఆ ఊరి గ్రామసభలో విద్యార్థి దానిని నిలబడి చదవాలి. చదివాక ఒక ప్రతి పంచాయతీ కార్యాలయంలో ఉండాలి. మరుసటి ఏడు వచ్చే విద్యార్థులు కొత్తగా కుటుంబాలు లెక్కించకుండా, ఆ ప్రతి దగ్గరనుంచి పని మొదలుపెట్టాలి. సగం మార్కులు సభ తర్వాతనే వేయాలి.

పల్లెవాళ్ళకు నివేదికలు ఏం అర్థమవుతాయి అంటారా? తమ ఊరి పేరు పెట్టి వేరొక ఊరి లెక్కలు చదివితే ఎంత అర్థమవుతుందో ఒకసారి చదివి చూడండి. అద్దె నివేదిక గ్రామసభలో రెండు నిమిషాలు నిలవదు. కాలువ తన పొలంలో కలుపుకొన్నవాడు లేచి గొడవ చేస్తాడంటారా? చేయనివ్వండి. అధ్యాపకుడు ఒంటరిగా మోయలేని ఆ గొడవను ఊరు మోయగలదు. గ్రామసభ ఉన్నది అందుకే. గొడవ రాని సేవ వీధి ఊడ్వడమే.

"నేను కాదు, నీవు" అన్న మాట చాలా గొప్పది. కాని ఆ "నీవు" ఇంతవరకూ నోరు లేని మనిషిగానే ఉండిపోయింది. గడప దగ్గర నిలబడి, కాగితాలేమైనాయని అడిగితే, దానికి సమాధానం చెప్పవలసిన బాధ్యత ఎవరికీ లేదు.

అటక మీది పటం దుమ్ము దులిపి మేనల్లుడి చేతికిచ్చాను. వచ్చే గ్రామసభకు తీసుకొని పోతానన్నాడు. మార్కులు రావు, తెలుసు. పెద్దమ్మ మాత్రం ముందు వరుసలో కూర్చుంటానంది.