మూత తీసి చూడనివ్వండి

ఎలక్ట్రానిక్సు, కంప్యూటర్లు అనగానే ఇది ఈ కాలపు పిల్లల పిచ్చి అంటారు. మేము ఒప్పుకోము. ఈ పిచ్చి మా తాతల నాటిది. రేడియోకు పోస్టాఫీసులో లైసెన్సు కట్టే రోజుల్లోనే, అయిపోయిన బ్యాటరీలను ఎండలో పెట్టి మరో పూట పాటలు విన్న తరం వారిది. మా నాన్నల తరం టేపురికార్డరు మూత తీసి, సాగిన బెల్టు మార్చి, తెగిన వైరుకు టంకం పెట్టింది. మేము కీబోర్డు దగ్గరికి వచ్చాం. వస్తువు మారింది గాని, “లోపల ఏముంది?” అన్న ప్రశ్న మారలేదు.

1947లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో ట్రాన్సిస్టర్ పుట్టింది. తాతల చిన్న రేడియోలో అవి ఆరో, ఎనిమిదో ఉండేవి. 1971లో వచ్చిన ఇంటెల్ 4004 చిప్‌లో సుమారు 2,300 ఉన్నాయి. నేటి సెల్‌ఫోన్ చిప్‌లో వందల కోట్లు! రేడియోలో బలహీనమైన సంకేతాన్ని పెంచిన ట్రాన్సిస్టరే కంప్యూటర్‌లో స్విచ్చిలా పనిచేస్తుంది. అంటే తాతకు, మనవడికి మధ్య విద్య ఒక్కటే.

ఈ విద్య మన ప్రాంతానికి కొత్త కాదు. 1967లో హైదరాబాదులో ఏర్పడిన ఇ.సి.ఐ.ఎల్. కంప్యూటర్లు, టీవీలు తయారుచేసింది. నాటి చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో పుట్టిన రాజ్ రెడ్డి గారు కంప్యూటర్‌కు మనిషి మాట అర్థమయ్యేలా చేసే పరిశోధనలో పేరు పొంది, 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్నారు. పల్లెలో పుట్టడం ఈ విద్యకు అడ్డు కాదు.

మరి అడ్డు ఏమిటి? “ముట్టుకోవద్దు, పాడవుతుంది” అనే మాట. ముట్టుకోవద్దు అన్న మాట మా పెద్దలు బావి దగ్గర, గుడి దగ్గర ఎంతో విన్నారు. చదువు దగ్గర కూడా మేము అదే మాట వినాలా? గుడ్డ కప్పి, గదికి తాళం వేసినంత మాత్రాన కంప్యూటర్ బాగుండదు. ఏళ్ళ తరబడి వాడకపోతే మదర్‌బోర్డు మీది చిన్న బ్యాటరీ అయిపోయి, అది తేదీని కూడా మరచిపోతుంది.

కరెంటుతో ఆటలొద్దని పెద్దలు చెప్పేది నిజమే. పాత పిక్చర్ ట్యూబు టీవీలో ప్లగ్గు తీసినా ప్రమాదకరమైన కరెంటు నిలిచి ఉండవచ్చు. అందుకే వాటి జోలికి పోకుండా, 9 వోల్టుల బ్యాటరీ, ఒక మల్టీమీటరు, మూలన పడ్డ పాత రేడియోతో, తెలిసినవారి సమక్షంలో మొదలుపెడదాం.

వార్డెన్ గార్లకు, అధికారులకు మా విన్నపం ఒక్కటే. బాలుర హాస్టలైనా, బాలికల హాస్టలైనా ఆదివారం రెండు గంటలు కంప్యూటర్ గది తెరవండి. పక్కన ఒక రిపేరు బల్ల వేయించండి. ఊళ్ళో రేడియోలు, సెల్‌ఫోన్లు బాగుచేసే అన్నను నెలకొకసారి పిలవండి. ఎవరు ఏ వస్తువు వాడారో రిజిస్టరులో రాసే బాధ్యత మేమే తీసుకుంటాం.

తోటి విద్యార్థులారా! ఈసారి సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు, అటక మీద పాత రేడియో ఉంటే అమ్మనివ్వకండి. దాన్ని తాతయ్య ఎలా బాగుచేసేవాడో అడిగి తెలుసుకుని, హాస్టలుకు పట్టుకురండి.